మూడు సుత్తులు

ఆ వేసవిలో మా ఇంటి పియానోకి మూడు పళ్ళు ఊడాయి. ఊడగొట్టింది మా నాన్నే.

నాన్న పని పియానోలు బాగుచేయడం, శ్రుతి చేయడం. ఊళ్ళో పియానో ఉన్న ఇళ్ళు పట్టుమని పది కూడా ఉండేవి కావు కాబట్టి ఆయనకు అసలు ఆధారం సంగీత పాఠశాలే. అక్కడి హాల్లో ఉన్న పియానోని పద్దెనిమిదేళ్ళుగా నాన్న తప్ప ఇంకొకరు విప్పింది లేదు. మా ఇంట్లో ఉన్నది దానికి తోడబుట్టినదే. ఒకే కంపెనీ, ఒకే ఏడాది. ఇక పనికిరాదని బడివాళ్ళు మూలన పడేస్తే నాన్న బండి మీద వేయించుకుని తెచ్చి, ముక్కముక్కా విప్పి బాగుచేసి, ముందు గదిలో నిలబెట్టాడు. గదిలో సగం అదే తినేసింది. మిగతా సగంలో అమ్మ కుట్టుమిషనూ, స్కూలు యూనిఫారాల గుట్టలూ ఉండేవి. మేం ముగ్గురం ఆ రెంటి మధ్య ఒత్తిగిలి నడిచేవాళ్ళం.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. పాటగాళ్ళకి తోడు వాయించే పనికి ఒకరిని తీసుకుని, మూడేళ్ళు అక్కడే నేర్పించి, ఆ తర్వాత ఉద్యోగం ఇస్తామని పాఠశాలవాళ్ళు ప్రకటించారు. ఒకటే సీటు. వేసవి ఆఖర్న పరీక్ష. ఎవరో ఒక పాట పాడతారు, మనం ఎన్నడూ వినని పాట. అది వింటూ అప్పటికప్పుడు దానికి కార్డులు, అంటే ఒకేసారి పలికే మూడేసి స్వరాల గుత్తులు, కట్టి వాయించాలి. నాకు ఆ సీటు కావాలి. అంతకుముందు దేన్నయినా అంతగా కావాలనుకున్న గుర్తు లేదు, ఆ తర్వాతా లేదు.

కార్డు కట్టడం నాన్నే నేర్పాడు.

"ఒకటి నొక్కు, ఒకటి వదులు. మళ్ళీ ఒకటి నొక్కు, ఒకటి వదులు, ఒకటి నొక్కు. మూడు మీటలకి ఒక కార్డు. కింద సి, నడుమ ఇ, పైన జి."

"ఇంతేనా?"

"ఇంతే. కానీ ఒక తమాషా చూడు." నడిమి వేలిని ఒక్క మెట్టు దించి పక్కనున్న నల్ల మీట మీద వేశాడు. "ఇందాక నవ్వింది, ఇప్పుడు ఏడుస్తోంది. కిందిదీ పైదీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నవ్వో ఏడుపో తేల్చేది నడిమిదే."

"అయితే ఈ ఇంట్లో నడిమిదాన్ని నేనన్నమాట," అంది అమ్మ, మిషను తొక్కడం ఆపకుండానే. "ఎవరు నవ్వినా ఎవరు ఏడ్చినా వచ్చి నా నెత్తిన పడేగా!"

బడికి సెలవులివ్వగానే, లోపలి సుత్తులన్నీ మార్చడానికి నాన్న హాల్లో పియానో విప్పాడు. మొదటి రోజు పనిముట్ల పెట్టె మోసుకుని నేనూ వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు వచ్చి మా పక్కన నిలబడ్డారు. ముందటి ఏడాది వార్షికోత్సవంలో, నిండు సభలో, పాట మధ్యలో ఒక సుత్తి తల విరిగి టక్కున లోపల పడింది. మీట నొక్కితే లోపల ఉన్ని చుట్టిన చిన్న చెక్క సుత్తి లేచి తీగను కొడుతుంది, పియానో పలకడమంటే అదే. ఆ రోజు విరిగిన సుత్తి నాన్న తన పాత సామాన్లలోంచి ఏరి వేసింది. ఆవిడ దాన్ని మరిచిపోలేదు.

"ఈసారి పాత సామాను వేస్తే ఒప్పుకోనండీ. అన్నీ కొత్తవే పడాలి. మళ్ళీ అలాంటిది జరిగితే వేరే మనిషిని చూసుకుంటాం. తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

"అయ్యో, ఎంత మాట! అన్నీ కొత్తవేనండీ," అన్నాడు నాన్న. అంటున్నప్పుడు చేతిలో ఉన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, చేతులు శుభ్రంగానే ఉన్నా.

కొత్త సుత్తులు పార్సెల్లో వచ్చాయి. పెట్టె అడుగున ఉన్న మూడు నిలువునా చీలి ఉన్నాయి. కంపెనీకి ఉత్తరం రాస్తే వేరేవి పంపుతాం, ఆరు వారాలు పడుతుందన్నారు. పరీక్షకి ఏడు వారాలుంది. నాన్న రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. ఒకదాన్ని ఏ జిగురుతోనూ అతికించలేమని తేలింది, మిగతా రెండూ అతికించి చూద్దామన్నాడు. మూడో రోజు నేను బయటి నుంచి వచ్చేసరికి మా పియానో ముందు పలక గోడకి ఆనించి ఉంది. నాన్న లోపలికి తల దూర్చి ఉన్నాడు.

"ఏం చేస్తున్నావ్ నాన్నా?"

"ఒక్కటేనే తల్లీ. ఈ ఇ సుత్తి ఒక్కటి అరువు తీసుకుంటున్నా. పార్సెల్ రాగానే కొత్తది దీనికే వేస్తా. నీ పరీక్షకి వారం ముందే."

"నేను వాయించుకునేది దీని మీదే కదా!"

"ఎనభై ఎనిమిది మీటల్లో ఒకటి తీస్తే కొంప మునగదులే."

మేజా మీద ఆ సుత్తిని పెట్టి, దాని ఉన్నిని సన్నటి గరుకు కాగితంతో రుద్దాడు. రుద్దుతుంటే పైన నల్లబడ్డ పొర పోయి తెల్లగా వచ్చింది. అరగంటలో అది కొత్త సుత్తయి కూర్చుంది. ఆయన చేతి పనిలో వంక పెట్టడానికి ఏముంటుంది? తర్వాత అమ్మ గుండీల డబ్బా మూతలోంచి అట్టముక్క కత్తిరించి ఖాళీ అయిన మీట కింద దోపాడు.

"దీన్ని నొక్కకు. సుత్తి లేని మీట నొక్కితే కింది ముక్క ఎగిరి పక్కదానికి తగులుకుంటుంది, రెండూ పోతాయి. వేలు ఊరికే దాని మీద ఆనించు. స్వరాన్ని నీ చెవికి నువ్వే వినిపించుకో."

పది రోజుల తర్వాత అతికించిన రెండూ కూడా ఊడొచ్చాయి. ఈసారి ఎ, బి మీటల సుత్తులు తీసుకెళ్ళాడు.

ఏ సాదా పాటకైనా మూడు కార్డులే ప్రాణం: సి, ఎఫ్, జి. వాటి నడిమి స్వరాలు ఇ, ఎ, బి. చెయ్యి ఎప్పుడూ ఆడే నడి వరసలో ఎంచి ఎంచి ఆ మూడే పోయాయి. ఆ రోజు నేను మీటల మూత ధడాల్న వేసి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. నా బదులు అమ్మ అందుకుంది.

"పిల్ల పరీక్షకి చదువుకుంటున్న పుస్తకంలోంచి కాగితాలు చింపుకుపోతారా ఎవరైనా?"

"పార్సెల్ వస్తుందంటున్నానా!"

"మీరు అరచేతిలో చూపించే వైకుంఠాలు నేను పాతికేళ్ళుగా చూస్తున్నా. వెళ్ళి ఆ ప్రిన్సిపాల్ గారితో చెప్పండి, మూడు సుత్తులు రావడం ఆలస్యమవుతుందని. నోట్లోంచి ముత్యాలు రాలిపోవు."

"కుదరదు. ఆ మాట వినడానికే కాచుకుని కూర్చుందావిడ. ఆ బడి పని పోతే ఈ ఊళ్ళో నన్ను పలకరించే నాథుడుంటాడా? ఇదంతా దీనికోసమే కదా. నేనక్కడ ఉంటేనేగా దీనికి ఆ గుమ్మంలో విలువ!"

అమ్మ దారం కొరికి ఉమ్మేసింది. పోనీ బడి పియానో మీదే ఒక గంట వాయించుకోనివ్వమని అడిగాను. పరీక్షకి వచ్చేవాళ్ళెవ్వరూ దాన్ని ముందుగా ముట్టుకోకూడదని ప్రిన్సిపాల్ గారి ఉత్తర్వు, సొంత కూతుర్నే కూర్చోబెడితే నలుగురూ ఏమంటారన్నాడు నాన్న. ఆ మాటలో న్యాయముంది. ఆయన మాటలన్నిటిలోనూ ఏదో ఒక న్యాయం ఉండేది, అదే నా ఖర్మ.

నిజం ఒప్పుకోవాలి. ఆ తర్వాతి వారాల్లో నేను సంతోషంగానే ఉన్నాను. సాయంత్రం నాన్న బడి నుంచి రాగానే వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, ఎక్కడెక్కడివో పాటలు కూనిరాగం తీసేవాడు. నేను లోపలి నుంచి కార్డులు కట్టేదాన్ని. బొటనవేలు దిగేది, చిటికెనవేలు దిగేది, నడిమి వేలు ఖాళీ మీట మీద పిల్లిలా వాలి ఉండేది. మొదట్లో ఆ వెలితి పంటి కింద రాయిలా తగిలింది. నాలుగైదు రోజులకి తగలడం మానేసింది. ఆ స్వరం నాకు వినిపించేది, ఒట్టు. మీట నొక్కినంత స్పష్టంగా వినిపించేది.

"వినబడుతోందా?" అని వరండాలోంచి అరిచేవాడు నాన్న.

"ఓ, బ్రహ్మాండంగా!"

"నా కూతురివి మరి. లేని స్వరాన్ని వినే చెవి ఎంతమందికుంటుందే!"

నేను పొంగిపోయేదాన్ని. ఒకరోజు అమ్మ కత్తెర పక్కన పెట్టి, తల ఒక పక్కకి వంచి విని, "అదేంటే, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టుంది. ఇదివరకు ఇలా లేదు," అంది. నాన్నా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. "నీకేం తెలుసులే," అన్నాను. సంగీతం ముక్క రాని మనిషి ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే, ఉన్నదున్నట్టు విన్నదీ ఆవిడ ఒక్కతే.

ఆరు వారాలు గడిచాయి, పార్సెల్ రాలేదు. ఏడో వారం మొదట్లో ఆ మాట అడిగితే నాన్న నీళ్ళు నమిలాడు. మూడో నాడు అడగడం కూడా మానేశాను. నాకు ఆ సుత్తుల అవసరమే లేదన్నంత ధీమా వచ్చేసింది.

పరీక్ష రోజు శ్రుతి చేసే మనిషి హాలు బయటే ఉండాలి, మధ్యలో ఏ తీగైనా జారితే సర్దడానికి. నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని నడవలో బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ప్రిన్సిపాల్ గారు, ఇంకో ఇద్దరు పరీక్షకులు ఉన్నారు. మేం నలుగురం వచ్చాం. నాకు ముందు ఒక డాక్టరు గారి అమ్మాయి వెళ్ళి, రెండు చోట్ల తడబడి, ముఖం ఎర్రగా చేసుకుని బయటికొచ్చింది. దాని తడబాటు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అంత నీచంగానూ ఉన్నాను ఆ రోజు.

ఒకాయన నిలబడి పాట పాడాడు. నెమ్మదైన పాట, ఎక్కడా గమ్మత్తులు లేవు. రెండో చరణానికే దాని దారి నాకు తెలిసిపోయింది. ఎక్కడ సి నుంచి ఎఫ్‌కి వెళ్ళాలో, ఎక్కడ జి మీద ఆగాలో, పాట కంటే అర క్షణం ముందే నా చేతులు అక్కడున్నాయి. మీటలు మెత్తగా, సమంగా దిగాయి. వాయించడం ముగించి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అంత బాగా నేనెప్పుడూ వాయించలేదనుకున్నాను.

పరీక్షకుల్లో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. నన్ను బయటికి వెళ్ళమన్నారు. "మీ నాన్నగారిని ఒకసారి రమ్మను," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

నాన్న లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. మీటలు విడివిడిగా పలికాయి: ఇ, ఎ, బి. ఒక్కోటి నిండుగా, గంట కొట్టినట్టు. కాసేపాగి మళ్ళీ అవే మూడు. మాటలు వినబడలేదు. రెండు నిమిషాల్లో ఆయన బయటికొచ్చి పెట్టె చేతికి తీసుకున్నాడు.

"ఏమడిగారు?"

"ఏం లేదు. శ్రుతి సంగతి."

దారంతా ఆయన నాకంటే రెండడుగులు ముందే నడిచాడు. ఇంటి మలుపు దగ్గర ఉండబట్టలేక అడిగాను. "ఎలా వాయించాను నాన్నా?"

"పియానో బాగా పలికింది," అన్నాడు.

దాన్ని నేను మెచ్చుకోలనుకున్నాను. అమ్మతో కూడా అలాగే చెప్పాను.

అయిదో రోజు బడి గోడ మీద కాగితం అంటించారు. డాక్టరు గారి అమ్మాయి పేరు ఉంది. నేను ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను, ఒక పేరు చదవడానికి అన్నిసార్లు అక్కర్లేకపోయినా. తర్వాత ఎవరితోనూ చెప్పకుండా నేరుగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. ఆవిడ కోప్పడలేదు, కూర్చోమన్నారు.

"నీ చెవి మంచిది అమ్మాయ్. ఏ చోట ఏ కార్డు పడాలో ఒక్కటీ తప్పలేదు. నిజానికి వచ్చిన నలుగురిలో నువ్వే నయం. కానీ ఆ కార్డులన్నీ డొల్ల. నవ్వూ లేదు, ఏడుపూ లేదు. నడిమి స్వరం ఎందుకు వదిలేశావు?"

"వదల్లేదండీ."

"ఏదీ, ఈ బల్ల మీద సి కార్డు పట్టు."

చెయ్యి పెట్టాను. బొటనవేలూ చిటికెనవేలూ టక్కున బల్లను తాకాయి. నడిమి వేలు చెక్క మీద ఆని ఊరుకుంది. ఆవిడ మళ్ళీ పట్టమన్నారు. మళ్ళీ అంతే. నా వేలి వైపు నేను, ఎవరిదో వేలిని చూసినట్టు చూశాను.

"మొదట మేం పియానోలోనే లోపమనుకున్నాం," అన్నారావిడ. "ఆ మీటలు సరిగ్గా పలకడం లేదేమో, అలాగైతే నీ చేత మళ్ళీ వాయించాలనుకున్నాం. అందుకే మీ నాన్నగారిని పిలిచాం. ఆయన ఆ మూడూ నొక్కి చూపించి, పియానోలో ఏ లోపమూ లేదండీ అన్నారు. మరి అమ్మాయి ఎందుకలా వాయించిందని అడిగితే, కంగారు పడి ఉంటుందన్నారు."

నాకు ముందు కోపం రాలేదు. బల్ల మీదున్న చేతిని ఒళ్ళోకి లాక్కున్నాను. నన్ను ఆ మూడు మీటలు నొక్కొద్దన్న మనిషి, నేను ఎందుకు నొక్కలేదో ఈ లోకంలో ఎరిగిన ఒకే ఒక్క మనిషి, వాళ్ళ ముందు నిలబడి నాకు కంగారని చెప్పాడు.

"ఇప్పుడు మళ్ళీ..." అన్నాను.

"లేదమ్మా. సీటు ఇచ్చేశాం. ఆ అమ్మాయి నిన్ననే వచ్చి సంతకం పెట్టింది. ఇంక దాంట్లో ఎవరు చేసేదీ ఏమీ లేదు. నువ్వు ఆశ పెట్టుకోకు."

"అలాగేనండీ," అని లేచాను. తలుపు దాకా వెళ్ళాను. తలుపు తీశాను కూడా. అప్పుడు వెనక్కి తిరిగి, మామూలు గొంతుతోనే చెప్పాను.

"మీ పియానోలో మూడు సుత్తులు కొత్తవి కాదండీ. మా ఇంటి పియానోలోంచి తీసి వేసినవి. పాతవి."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏ మూడు?"

"నేను నొక్కనివే."

వారం తిరక్కుండానే బడి నుంచి ఉత్తరం వచ్చింది. మీ సేవలు ఇక అవసరం లేదు, ఇంతకాలం చేసినందుకు కృతజ్ఞతలు. నాన్న దాన్ని నిలబడే చదివాడు. తర్వాత పియానో ముందుండే స్టూలు మీద, మీటలకి వీపు పెట్టి కూర్చున్నాడు.

"నువ్వు చెప్పావా?"

"చెప్పాను."

"అబద్ధమేం చెప్పలేదులే," అన్నాడు.

"నువ్వు మాత్రం అబద్ధం చెప్పావా? పియానోలో లోపం లేదు కదా."

ఆయన ముఖం పాలిపోయింది. అప్పటిదాకా ఆ సంగతి నాకు తెలిసిందని ఆయనకి తెలియదు. అమ్మకి బడిలో జరిగిందేదీ తెలియదు. నేను చెప్పాల్సొచ్చింది. విన్నాక అమ్మ మిషను మీంచి లేచి నిలబడింది. అంత కోపంతో ఆవిడని నేను అంతకుముందు చూడలేదు.

"మీరు చెప్పాల్సిన మాట అది వెళ్ళి చెప్పుకుంది. సీటు కోసం చెప్పుకుంది. తండ్రి నోరు మూసుకుంటే పిల్ల ఏం చేస్తుంది? దాన్ని ఒక్క మాటన్నారంటే ఊరుకోను!"

"నేనేమన్నానే?" అన్నాడు నాన్న. నిజంగానే ఆయన ఏమీ అనలేదు.

అమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగే వంకతో ఏడ్చింది. గదిలో మేమిద్దరమే మిగిలాం. ఆయన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"ఒకటడుగుతా. నువ్వు ఆవిడతో చెప్పేసరికి, సీటు ఇంకా ఖాళీగా ఉందా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి చివరి దాకా వచ్చింది. "లేదు," అన్నాను. "ఇచ్చేశామని చెప్పాకే చెప్పాను."

ఆయన తల ఊపాడు. శ్రుతి చేసేటప్పుడు తీగ సరైన చోటికి వచ్చిందనిపిస్తే అలాగే ఊపేవాడు. "అమ్మతో ఆ మాట అనకు," అన్నాడు. అంతే, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఆయన ఒక ఫర్నిచర్ కొట్లో బల్లలకి, తలుపులకి పాలిష్ పట్టే పనికి కుదిరాడు. సాయంత్రం ఇంటికొస్తే ఒళ్ళంతా వార్నిష్ కంపు కొట్టేది. నేను అమ్మతో కూర్చుని చొక్కాలకి గుండీలు కుట్టాను, తర్వాత ఇంకేవో పనులు చేశాను. మూడేళ్ళకి బడివాళ్ళు మళ్ళీ సీటు ప్రకటించారు. ఆ గుమ్మం ఎక్కడానికి నాకు ముఖం లేదు.

ఇప్పటికీ ఇంటికి చుట్టాలెవరైనా వచ్చి, మాటల్లో ఆ వేసవి ప్రస్తావన వస్తే అమ్మ నన్ను వెనకేసుకొస్తుంది. "పిచ్చిపిల్ల, సీటు దక్కుతుందేమోనని ఆశపడి చెప్పింది," అంటుంది. నాన్నని దెబ్బ కొట్టడానికే చెప్పానని, కొట్టిన ఆ క్షణంలో నాకు సుఖంగా కూడా అనిపించిందని ఏ నోటితో చెప్పను? అప్పుడు పరీక్షకుల ముందు నా కోసం ఒక్క నిజం చెప్పలేకపోయిన మనిషి ఇప్పుడు వచ్చినవాళ్ళందరి ముందూ నా కోసం అబద్ధం చెబుతాడు. దాన్ని భరించడం నావల్ల కావడం లేదు.

"అవునవును, సీటు కోసమే చెప్పింది పాపం," అంటాడు నాన్న. నా వైపు మాత్రం చూడడు.